ఆర్నెల్లకోసారి

డాక్టరమ్మ ఆ మాట అన్నప్పుడు అక్క గదిలో లేదు. ఇంకేదో పరీక్షకి రక్తం ఇవ్వడానికి పక్క గదిలోకి వెళ్ళింది. మూడు నెలలు మాత్రలు మింగి, ఇంకో మూడు నెలలు ఆగి చేయించిన పరీక్షలో హెపటైటిస్ సి వైరస్ జాడ లేదని తేలిన రోజు అది. నేను డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, నవ్వు ఆపుకోలేక, ఆవిడకి అదేపనిగా థాంక్స్ చెబుతున్నాను.

ఆవిడ నన్ను చెప్పుకోనిచ్చింది. తర్వాత ఒక కాగితం మీద లివర్ బొమ్మ గీసి, దాన్నిండా చిన్నచిన్న చుక్కలు పెట్టింది.

"వైరస్ పోయింది. దానంతట అది తిరిగి రాదు. కానీ ఇరవై ఏళ్ళకి పైగా లోపల కాపురం చేసి పోయింది. లివర్ అప్పటికే గట్టిపడింది, మచ్చలు కట్టింది. అలాంటి లివర్‌లో క్యాన్సర్ పుట్టే ప్రమాదం తగ్గుతుందే గాని పోదు. అందుకని ఆర్నెల్లకోసారి స్కానింగు, ఒక రక్తపరీక్ష. బతికున్నంత కాలం. మొదట్లో దొరికితే వైద్యం ఉంది. నొప్పి వచ్చాక వద్దాం అనుకుంటే ఆలస్యమైపోతుంది."

అంతలో అక్క వచ్చింది, మోచేతి దగ్గర దూది అదిమి పట్టుకుని. జబ్బు బయటపడిన నాటినుంచి ఇంట్లో తన గ్లాసు, తన కంచం వేరుగా పెట్టుకుంది. అక్కర్లేదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఇప్పుడు కుర్చీలో కూర్చోకుండానే అడిగింది: "అయితే ఇంక నా గ్లాసు కలిపెయ్యచ్చాండీ?"

డాక్టరమ్మ నవ్వి కలిపెయ్యమంది. మిగతావన్నీ మీ చెల్లెలికి చెప్పాను, ఆవిడ చెబుతుంది అంది. బయట జనం కిటకిటలాడుతున్నారు. మేం లేచాం.

బస్సులో అక్క నన్ను అడిగింది, చీటీ మీద రాసిన ఆర్నెల్లకోసారి స్కానింగ్ దేనికని. వైరస్ మళ్ళీ వస్తుందేమో చూడ్డానికి అన్నాను. ఆలోచించి చెప్పిన అబద్ధం కాదు, నోటికి అలా వచ్చేసింది. ఆవిడ ముఖం ఆ రోజు ఎలా ఉందో నేను చూశాను. ఆ ముఖం మీద ఆ మాట వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు బావ కొత్త ఫ్యాను కొనుక్కొచ్చి కుట్టుబల్ల మీద బిగించాడు. ఎల్లుండి ఏదో పని. అలా మూడేళ్ళు.

కింద బైండింగ్ షాపు, మీద రెండు గదులు, అదే మా ఇల్లు. అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అప్పటికి కొత్తగా పెళ్ళయిన అక్క నన్ను తనతో తెచ్చుకుంది. వాళ్ళకి పిల్లలు కలగలేదు. గర్భసంచి తీసేసిన ఆపరేషన్‌లో ఎక్కించిన రక్తంలోంచే ఈ జబ్బు వచ్చి ఉంటుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నేను పెళ్ళి ఊసు ఎవర్నీ ఎత్తనివ్వలేదు. ముగ్గురం, మూడు పనులు. కటింగ్ మిషన్ బావది. కుట్టు అక్కది. లావుపాటి పుస్తకాలకి మిషన్ కుట్టు నిలవదని చేత్తోనే కుట్టేది. వీధంతా ఆవిణ్ణి సూదక్క అంటుంది. జిగురు, అట్టలు, ఆర్డర్లు, బయటి తిరుగుళ్ళు నావి. ఆస్పత్రి కూడా ఆ తిరుగుళ్ళలోకే వచ్చింది. ఫైలెప్పుడూ నా చంకలోనే. రిపోర్టు చూపించేటప్పుడు డాక్టర్ల ముందు నిలబడేది నేనే, ఆవిడ నా వెనకాల. నాలుగుసార్లు ఏమీ లేదన్నారు. ఐదోసారి చలికాలంలో వెళ్ళేసరికి స్కానింగ్ గది ముందు లైను మెట్లదాకా ఉంది. అక్కకి జలుబు. ఇంకోసారి వద్దాం పదవే అంది. సరేనన్నాను. ఆ ఇంకోసారి మళ్ళీ రాలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఆ తర్వాతి వేసవి సంగతి.

*

బడులు మూసేసిన రోజుల్లోనే మాకు పని. ఆ ఏడాది ఆరు వేల రికార్డు పుస్తకాల ఆర్డరు దొరికింది. పిల్లలు సైన్సు బొమ్మలు గీసుకునే లావు పుస్తకాలు, అన్నీ చేతికుట్టే. బడులు తెరిచే నాటికి అందించాలి. షాపులో నడవడానికి దారి లేకుండా కాగితం రీములు, కుట్టుకి సిద్ధంగా మడిచిన కాగితాల కట్టలు, ఫారాలంటాం, వాటి దొంతరలు. బావ మిషన్ కత్తి దిగితే నేల అదిరేది.

ఒక పొద్దున అట్టలకి జిగురు రాస్తూ, ఏదో గుర్తొచ్చినదానిలా, వచ్చే సోమవారం స్కానింగుకి వెళ్ళాలి అన్నాను.

అక్క సూది మీంచి చూపు తియ్యలేదు. "దేనికే? మూడేళ్ళు రానిది ఇప్పుడు కొత్తగా వస్తుందా? నాలుగుసార్లు వెతికారు, ఏం దొరికింది? పొట్టమీద ఆ జెల్ రాస్తే చల్లగా ఉంటుంది. అంతకుమించి లాభం నాకేం కనపళ్ళేదు."

మిషన్ దగ్గర్నుంచి బావ కూడా ఆవిడకే వంత పాడాడు. పూట పోతే అరవై పుస్తకాలు పోతాయన్నాడు. బావ మామూలుగా రెండు మాటల మనిషి. కాగితం కోసినట్టే మాటనీ అంచులు కోసి ఇస్తాడని అక్క అంటుంది. ఆయన అంత పొడుగు వాక్యం చెప్పాడంటే సంగతి తేలిపోయినట్టే.

నా దగ్గర ఉన్నదల్లా ఒక్క వాక్యం. అది చెబితే ఇద్దరూ పని ఆపి లేచి వస్తారని తెలుసు. బ్రష్షు జిగురులో ముంచాను, తీశాను, మళ్ళీ ముంచాను.

"సరే, బడులు తెరిచాక వెళ్దాంలే" అన్నాను. ఆ మాట అక్క అన్నది కాదు, నేను అన్నది. ఇప్పటికీ చెవిలో నా గొంతుతోనే వినిపిస్తుంది.

అన్నానే గాని, ఆ రోజునుంచి నాకు ప్రాణం నిలవలేదు. పైకి నవ్వుతూ, లోపల అక్కని కాపలా కాయడం మొదలుపెట్టాను. ఎన్ని ముద్దలు తింటోంది? నిన్నటికంటే తగ్గిందా? మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగితే అది ఎండవల్లా, లేక? పొద్దున్నే కిటికీ దగ్గర దారం ఎక్కిస్తుంటే వంకరగా వంగి ఆవిడ కళ్ళల్లోకి చూసేదాన్ని, తెల్లగుడ్డు పచ్చబడిందేమోనని. ఒకసారి పట్టుకుంది. నా మొహంలో సినిమా ఏమైనా ఆడుతోందా అని అడిగింది. జడలో కాగితం ముక్క ఉందన్నాను. లేని ముక్క తీసి కింద పడేశాను.

చీర కుచ్చిళ్ళు ఎక్కువ వస్తున్నాయి, ఈ ఎండకి చిక్కిపోయానే, మంచిదే అని ఒకరోజు మురిసిపోయింది. ఆ పూట ఆవిడ కంచంలో ఇంకో గరిటె వడ్డించాను. ఇంకోరోజు కుడిచెయ్యి డొక్క మీద పెట్టుకుని నిలబడి ఉంది. పరుగున దగ్గరికి వెళ్ళాను. తీరా చూస్తే సూదులపెట్టె ఎక్కడ పెట్టానా అని ఆలోచిస్తోందట. ఇలా రోజుకి పదిసార్లు చచ్చి బతికేదాన్ని. అయినా చెప్పలేదు. అప్పుడు చెప్పనిది ఇప్పుడెందుకు చెబుతున్నావంటే ఏమనాలి? పైగా ఒక పిచ్చి నమ్మకం కూడా పట్టుకుంది. ఆ మాట పైకి అంటే ఎక్కడో పొంచి ఉన్నది లేచి వచ్చేస్తుందని, అనకపోతే పడుకునే ఉంటుందని.

*

మాత్రలు వాడే రోజుల్లో ఆస్పత్రి వరండాలో ఒక లెక్కల మాస్టారు పరిచయమయ్యాడు. రిటైరైన మనిషి. ఆయనకీ అదే జబ్బు, అవే మాత్రలు, మాతో పాటే మొదలు. మొత్తం ఎనభై నాలుగు మాత్రలు. కనపడగానే నమస్కారం బదులు "సూదక్కా, ఇంకా నలభై ఒకటి" అనేవాడు. తర్వాతిసారి "పదమూడు". అయిపోయిన రోజు "సున్నా" అని చెప్పి రెండు చేతులూ దులుపుకున్నాడు. అప్పట్నుంచి ఏడాదికోసారి ఏదో ఒక పాత పుస్తకం పట్టుకుని షాపుకి వచ్చేవాడు. అక్క ఆయన పుస్తకం వేరెవరి చేతా ముట్టనిచ్చేది కాదు.

ఆ వేసవి మొదట్లో ఆయన వీపు ఊడిపోయిన ఒక నిఘంటువు తెచ్చిచ్చాడు. మనిషి బాగా వాడిపోయి ఉన్నాడు. ఈ ఎండలకి తిండి సయించట్లేదన్నాడు. తొందరేం లేదు, మీ రికార్డుల పని అయ్యాకే చెయ్యండి అని వెళ్ళాడు. అక్క మాత్రం రోజుకి నాలుగు ఫారాల చొప్పున మధ్యమధ్యలో కుట్టేసి, కొత్త అట్ట వేసి, బరువు కింద పెట్టింది.

ఐదారు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన కూతురు వచ్చింది. బావ కాగితం తేవడానికి వెళ్ళాడు. అక్క కాసేపు నడుం వాలుస్తానని మీద పడుకుంది. పగలు పడుకోవడం ఆవిడకి అలవాటు లేదు, నేను అదే ఆలోచిస్తూ కూర్చున్నాను.

నాన్నగారి నిఘంటువు ఇక్కడ ఉందని చీటీ దొరికింది అంది ఆ అమ్మాయి. ఉంది, తయారైపోయింది, ఆయన్నే రమ్మనకపోయారా, మా అక్క సంతోషించేది అన్నాను.

ఆయన పోయి పద్నాలుగు రోజులైంది అని చెప్పింది. చాలామందికి చెప్పి చెప్పి అలిసిపోయిన గొంతు. కడుపు ఉబ్బితే తీసుకెళ్ళారట. లివర్‌లో క్యాన్సర్. తెలిసేసరికే ఇంత ఉందని అరచెయ్యి చాపి చూపించింది, చెయ్యడానికేం లేదన్నారట.

"స్కానింగులకి రమ్మని చెప్పారండీ. తగ్గిపోయినవాణ్ణి ఆస్పత్రికి ఎందుకెళ్తానమ్మా అనేవారు. నిజమే కదా అని మేమూ ఊరుకున్నాం."

బరువు తీసి పుస్తకం ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. తెరిచి చూసింది. ఫారాలు తిప్పి కుట్టు మీద వేలు రాసింది. ఎవరు కుట్టారని అడిగింది. మా అక్క అన్నాను. నాన్న అడుగుతుండేవారు ఆవిడ గురించి, ఆవిడ బాగున్నారా అంది.

"బాగుంది" అన్నాను.

ఆ అమ్మాయి వెళ్ళాక జిగురుడబ్బా మూత పెట్టాను. మీద గదిలో అక్క అటు ఇటు తిరిగి పడుకున్న చప్పుడు వినిపించింది. మెట్లదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాను. ఆవిడ దిగి వచ్చి మొహం కడుక్కుని పనిలో కూర్చుంది. మాస్టారు పోయిన సంగతినీ దాచేశాను. ఇప్పుడు రెండయ్యాయి.

*

మూడో రోజు అక్కే అడిగింది. ఫారాలు తేవడానికి లేచి, బరువు కింద చూసి, మాస్టారి నిఘంటువేదీ అంది.

వాళ్ళమ్మాయి వచ్చి తీసుకెళ్ళింది అన్నాను.

"అమ్మాయెందుకు? ఆయనకేమైంది?"

అట్ట మీద రాస్తున్న జిగురు గడ్డకట్టేదాకా చూస్తూ ఉండిపోయాను. పక్కన బావ మిషన్ దిగింది, లేచింది, దిగింది. అప్పుడు చెప్పాను. ఆయన పోయాడని చెప్పాను. దేనితో పోయాడో చెప్పాను. మన డాక్టరమ్మ కూడా ఆ సంగతే చెప్పిందని, స్కానింగులు వైరస్ కోసం కాదని, ఇందుకేనని చెప్పాను. క్యాన్సర్ అనే మాట నా నోటివెంట వచ్చినప్పుడు గొంతు తగ్గించాను, గదిలో ఇంకెవరో ఉన్నట్టు.

అక్క చేతిలో పుస్తకం సగం కుట్టి ఉంది. మిగతా సగం కుట్టడం మొదలుపెట్టింది. ఒక ఫారం, ఇంకో ఫారం. చివరి ముడి వేసి, దారం కత్తిరించి, పుస్తకం దొంతరమీద పెట్టి, అంచులు సరిచేసింది.

"ఆవిడ ఈ మాట ఎప్పుడు చెప్పింది?"

"గ్లాసు కలిపెయ్యమన్న రోజు."

"నాకు చెప్పిందా, నీకు చెప్పిందా?"

"నాకు."

"లివర్ ఎవరిది?"

నేను బ్రష్షు జిగురులో ముంచాను.

"నిన్నే అడుగుతున్నాను. లివర్ నీదా, నాదా?"

"నువ్వు భయపడతావని" అన్నాను. ఆ రెండు ముక్కలకే ఏడుపు వచ్చేసింది.

ఆవిడ ఏడవలేదు, గొంతు పెంచలేదు. "అమ్మ పోయిన రోజున అందరూ ఏం చెప్పమన్నారో తెలుసా నీకు? ఊరెళ్ళింది, వచ్చేస్తుందని చెప్పమన్నారు. తొమ్మిదేళ్ళదానివి నువ్వు. నేను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను, అమ్మ చచ్చిపోయిందే, ఇంక రాదు అని. దాచానా?" అంది. "నాకిప్పుడు యాభై నాలుగు. నాకు చెప్పకూడదా?"

లేచి మిషన్ దగ్గరికి వెళ్ళి బావతో ఏదో చెప్పింది. మిషన్ ఆగింది. బావ గుమ్మంలోకి వచ్చి నా వంక చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం చూస్తే ఒక దొంతర నలభై పుస్తకాలు అంచు వంకరగా తెగి ఉన్నాయి. ముప్పై ఏళ్ళలో బావ చేతికింద ఒక్క కాగితం వంకర పోవడం నేను ఎరగను.

*

మర్నాడు పొద్దున్నే పరగడుపున బయల్దేరాం. దారిలో అక్క నాతో మాట్లాడలేదు. బస్సులో నా పక్కన కూర్చోకుండా ముందు సీట్లో కూర్చుంది.

స్కానింగ్ చేసే ఆవిడ కబుర్లపోగు. మాది బైండింగ్ షాపని తెలిసి, తన కొడుకు నోటుపుస్తకాలకి అట్టలు నెలకే ఊడిపోతాయని మొదలుపెట్టింది. జెల్ రాసి, యంత్రం పొట్టమీద జరుపుతూ, మంచి జిగురేదో చెప్పండి అంటోంది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. తెర మీద నాకేం అర్థం కాదు, బూడిదరంగు మబ్బులు. అందుకని ఎప్పుడూ తెర చూడను, ఆవిడ ముఖం చూస్తాను.

కొడుకు లెక్కల పుస్తకం గురించి చెబుతూ చెబుతూ ఆవిడ మధ్యలో ఆగింది. ఊపిరి బిగబట్టమంది. వదలమంది. మళ్ళీ అక్కడే పెట్టి, మళ్ళీ బిగబట్టమంది. కాస్త ఎడమవైపు తిరగమంది. మీటలు నొక్కింది. మూడోసారి బిగబట్టమంది. లెక్కల పుస్తకం ఏమైందో ఇక చెప్పలేదు.

అయిపోయాక అక్క పొట్ట తుడుచుకుంటూ తాపీగా, "నోటుపుస్తకం అట్టకి మైదా జిగురు చాలదమ్మా, అంచులకి గుడ్డపట్టీ వేయించు" అంది. ఆవిడ అలాగేనండీ అంది గాని, మా ఇద్దరి కళ్ళలోకీ చూడలేదు.

రిపోర్టులో ఉన్న సంగతి తేల్చుకోవడానికి, చేతికి మందు ఎక్కించి తీసే ఇంకో పెద్ద స్కానింగు కావాలన్నారు. దానికి నాలుగు రోజులు, ఫలితానికి రెండు రోజులు. ఆ ఆరు రోజులూ మా ఇంట్లో ముగ్గురం పనిచేశాం. అంతే. అక్క కుట్టింది, బావ కోశాడు, నేను అంటించాను. ఎవరైనా షాపులోకి వస్తే మాత్రం ముగ్గురం ఒకేసారి మాట్లాడేవాళ్ళం, మా గొంతులు ఉన్నాయో లేదో చూసుకోవడానికన్నట్టు. అక్క నాతో పనికి కావలసిన మాటలే మాట్లాడింది. దారం. అట్టలు. తలుపు వెయ్యి. నాకు మాత్రం మాస్టారి కూతురు చూపించిన అరచెయ్యి కళ్ళముందే ఉంది. నా అరచెయ్యి చూసుకున్నా అదే.

ఫలితం రోజున డాక్టరమ్మ గది ముందు మా పేరు పిలవగానే, అలవాటుగా ఫైలు పట్టుకుని లేచాను. అక్క చెయ్యి చాపింది. ఫైలిచ్చాను.

"నువ్విక్కడ కూర్చో" అంది. బావ లేవబోతే ఆయన్నీ కూర్చోమంది. ఒక్కతే లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మూసిన తలుపుకి ఇవతల కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. లోపల ఎవరిదో దగ్గు వినిపిస్తే అది అక్కదేనా అని చెవులు రిక్కించేదాన్ని. గోడ మీద గడియారం చూస్తే మూడు నిమిషాలు. మళ్ళీ చూస్తే ఆరు. తలుపవతల ఒకరికి అన్నీ తెలిసి, నాకు ఏమీ తెలియకపోవడం. మూడేళ్ళు అక్కని అక్కడ కూర్చోబెట్టింది నేనే. ఆవిడకి ఆ సంగతి తెలియలేదు, అంతే తేడా.

ఇరవై నిమిషాలకి బయటికి వచ్చింది. ఇంటికి వెళ్ళాక చెబుతాను పదండి అంది. ఇంటికి వచ్చాక కాళ్ళు కడుక్కుంది, మంచినీళ్ళు తాగింది, మమ్మల్ని ఇద్దర్నీ కటింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. డాక్టరమ్మ గీసిచ్చిన బొమ్మ బల్ల మీద పరిచి, పాఠం చెప్పినట్టు చెప్పింది.

క్యాన్సరే. ఒకటే గడ్డ, రెండు పాయింట్ మూడు సెంటీమీటర్లు. రక్తనాళాల్లోకి పోలేదు. మూడు లోపు ఉంది కాబట్టి కోత అక్కర్లేకుండా, సన్నటి సూది లోపలికి పంపి వేడితో మాడ్చెయ్యవచ్చు. వచ్చే బుధవారం. ఒక రాత్రి ఆస్పత్రిలో ఉండాలి. లివర్ గట్టిపడి ఉంది కనుక ఎంతో కొంత ప్రమాదం ఉంది. ఏమేం జరగచ్చో కూడా అడిగి తెలుసుకుందట, అవీ ఒక్కొక్కటే చెప్పింది. బావ రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని విన్నాడు.

తర్వాత నా వైపు తిరిగింది. "చలికాలంలో వచ్చి ఉంటే దొరికేదా అని అడిగాను. చెప్పలేనంది. దొరికేదేమో, అసలప్పటికి పుట్టనే లేదేమో అంది. కాబట్టి నువ్వు దాని గురించి కూర్చుని ఏడవకు. నాకు చెప్పనందుకు ఏడువు, ఏడవాలని ఉంటే."

వారం రోజుల్లో ఆవిడ నాతో అన్న పొడుగైన మాట అదే.

*

బుధవారం వాన మొదలైంది. ఆ ఏడాదికి మొదటి వాన. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే అక్క బావతో, సూదక్కకి సూదితోనే వైద్యమట, ఎవరికైనా చెబితే నవ్వుతారు అంది. బావ నవ్వబోయాడు. నవ్వు ముఖం మీద నిలవలేదు. గోడవైపు తిరిగి తడి గొడుగు దులపడం మొదలుపెట్టాడు, ఎంతకీ ఆపడు.

గంటన్నర అన్నది రెండున్నర అయింది. ఆ ఎక్కువైన గంటలో ఏమేం అనుకున్నానో రాయను. పెద్దగా చెప్పుకోదగ్గవి కావు. అక్క లేని షాపులో సూదులపెట్టె ఎవరు తెరుస్తారు అని అనుకున్నాను. బావ ఒక్కడే మిషన్ దగ్గర నిలబడి ఉండటం కళ్ళకి కట్టింది. బయటికి తెచ్చాక ఆవిడ వణికిపోతోంది, మత్తులో పళ్ళు టకటకమంటున్నాయి. మామూలేనని నర్సు చెప్పింది. దుప్పటి కప్పి పాదాలు పట్టుకుని కూర్చున్నాను. కళ్ళు తెరిచి నన్ను చూసింది. పాదాలు లాక్కోలేదు.

పుస్తకాలు బడులు తెరిచే నాటికి అందలేదు. నాలుగు రోజులు ఆలస్యమైంది. అక్కకి ఒంట్లో ఓపిక లేక, కుట్టు నాకు నేర్పింది. పక్కన కుర్చీలో కూర్చుని, దారం బిగువు చాలదని, ముడి వదులని, నేను కుట్టిన ప్రతి పుస్తకం విప్పించి మళ్ళీ కుట్టించింది. ఆ తిట్లు తింటుంటే నాకు ఎంత హాయిగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు. బావ ఆ వంకర పుస్తకాలు నలభైనీ బయట పారెయ్యకుండా అంచులు మళ్ళీ కోసి, కాస్త పొట్టివే అయినా, షాపు వాడకానికి అట్టిపెట్టాడు.

నెల తర్వాత మళ్ళీ మందు ఎక్కించి తీసే స్కానింగు. ఈసారి కూడా అక్క ఫైలు తీసుకుని ఒక్కతే లోపలికి వెళ్ళింది. నేనూ బావా బయట బెంచీ మీద కూర్చున్నాం. బావ చేతిలో ఒక కాగితం ముక్క ఉంది. దాన్ని సగానికి మడిచాడు, మళ్ళీ సగానికి, ఇంక మడత పడనంత చిన్నదయ్యేదాకా మడిచి, విప్పి, మొదట్నుంచీ మొదలుపెట్టాడు. నేను తలుపు వంకే చూస్తున్నాను.

అక్క వచ్చి మా ఇద్దరి మధ్యలో కూర్చుంది. ఇంటికెళ్ళేదాకా ఆగలేదు.

"మాడ్చిన చోట ఏమీ మిగల్లేదట. పూర్తిగా చచ్చిందట" అంది. బావ కాగితం జారి కింద పడింది. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "పూర్తిగా వినండి. లివర్ అదే లివర్. ఇంకోచోట మళ్ళీ పుట్టచ్చు. ఎంతమందికి పుడుతుందని అడిగాను. ఐదేళ్ళలో సగం మందికి పైనే అంది. పుడితే మళ్ళీ చూసుకుందాం, కాకపోతే ముందుగా దొరకాలి అంది. మూడు నెలలకోసారి రావాలి ఇక."

సగం మందికి పైనే. మూడేళ్ళలో ఆ ప్రశ్న నేను డాక్టరమ్మని ఒక్కసారి కూడా అడగలేదు. జవాబు వినాల్సి వస్తుందని అడగలేదు. ఇప్పుడు విన్నాక, వరండా అంతా ఒక్క క్షణం దూరంగా జరిగినట్టైంది. ఎవరో మందుల చీటీ కోసం వెతుక్కుంటున్నారు. ఒక పాప చెప్పులు టపటపలాడిస్తూ ఆ చివర్నుంచి ఈ చివరికి నడుస్తోంది.

"నీకు భయమేస్తోందా?" అని అక్క అడిగింది. నన్నే.

"వేస్తోంది" అన్నాను.

"నాకూ వేస్తోంది" అంది. ఆవిడ నోట ఆ మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదలు. బావ కింద పడిన కాగితం తీసి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత అక్క లేచి చీర సర్దుకుంది. వచ్చేసారి తేదీ చెప్పింది. వానలు తగ్గే రోజులు. షాపు బావ చూసుకుంటాడు, నువ్వు నాతో రావాలి అంది.

ఇక్కడే కూర్చుంటానులే అన్నాను.

"అక్కర్లేదు, లోపలికే రా" అంది, ఫైలు తన చంకలో పెట్టుకుని. "నోరు మాత్రం మెదపకు."